సెటప్ మధ్యలో ఆగిపోతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

మన విజయనగరం సైడు గానీ శ్రీకాకుళం సైడు గానీ ఏదో సాఫ్ట్‌వేర్ ఎక్కట్లేదని సిస్టమ్ పట్టుకెళ్తే చాలా చోట్ల మొదట వినపడే మాట ఒకటే, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, సాయంత్రం రండి". ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది. సిస్టమ్ సర్వీస్ పనిలో ఉన్నాను కాబట్టి ఆ తర్వాత ఏమవుద్దో చూస్తూనే ఉంటాను. డేటా డీ డ్రైవ్‌లో ఉంది కదా అని ధైర్యంగా ఒప్పేసుకుంటారు, తీరా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ ఫార్మాట్‌లో తుడిచిపెట్టుకుపోయే సీ డ్రైవ్‌లోవే అని ఫార్మాట్ అయిపోయాక తెలుస్తుంది. పెళ్ళికార్డులు చేసే డీటీపీ షాపుకి ఫాంట్లు పోతాయి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలు రాసే అబ్బాయికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ సెట్టింగులు పోతాయి, మీసేవ నడుపుకునే వాళ్ళకి ఫింగర్‌ప్రింట్ డివైస్ మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాలి. ఇంత చేసినా కొన్నిసార్లు ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ అదే ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే తప్పు విండోస్‌లో లేదు, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌లో ఉంది.

అందుకే కింద రాసింది ఈ వరసలోనే చూసుకుంటూ వెళ్ళండి. తేలికవి ముందు పెట్టాను, సిస్టమ్‌ని కదిపేవి చివర్లో పెట్టాను.

ఎర్రర్ బాక్స్‌ని క్లోజ్ చెయ్యకండి

ఓకే నొక్కేసి "ఏదో ఎర్రర్ వచ్చిందండీ" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇంకో పని కూడా ఉంది, చాలామందికి తెలీదు, విండోస్ మామూలు మెసేజ్ బాక్స్ స్క్రీన్ మీద ఉన్నప్పుడు కంట్రోల్ సీ నొక్కితే అందులోని మాటలన్నీ కాపీ అయిపోతాయి, నోట్‌ప్యాడ్ తెరిచి పేస్ట్ చేసుకోవచ్చు. అందులో నంబర్ ఉంటే అదే మనకి ముఖ్యం. 1603 వేరు, 1618 వేరు, 1625 వేరు, మూడూ "ఎక్కలేదు" అనే చెప్తాయి గానీ మందు వేరే వేరే.

నీలం రంగులో పెద్దగా "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని వస్తే మాత్రం అది ఎర్రర్ కాదు, విండోస్‌లో ఉండే స్మార్ట్‌స్క్రీన్ అనే కాపలా ఆపింది. ఫైల్ నిజంగా ఆ కంపెనీ సైట్ నుంచే తెచ్చుకున్నారనుకుంటే మోర్ ఇన్ఫో నొక్కితే కింద రన్ ఎనీవే వస్తుంది. ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీని ఫైల్‌కి మాత్రం అది నొక్కకండి, విండోస్ ఆపింది మీ మంచికే.

కొత్త ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోవి తప్ప ఇంకేవీ ఎక్కట్లేదంటే అది ఎస్ మోడ్‌లో వచ్చిందేమో చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, యాక్టివేషన్ అని ఉన్న చోట కనపడుతుంది. అందులోంచి బయటికి రావడానికి డబ్బులేం కట్టక్కర్లేదు, కాకపోతే ఒకసారి వచ్చేస్తే మళ్ళీ ఎస్ మోడ్‌కి వెనక్కి వెళ్ళలేం.

ఫైల్ సంగతి ముందు తేల్చుకోవాలి

నా దగ్గరికి వచ్చేవాటిలో బోలెడన్ని ఇక్కడే తేలిపోతాయి. మన దగ్గర సెటప్ ఫైళ్ళు చేతులు మారుతుంటాయి, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిస్తే అది నరసన్నపేట వెళ్ళి అక్కడ్నుంచి టెక్కలి వెళ్తుంది, మధ్యలో ఎక్కడో సగమే కాపీ అయినా ఎవరూ చూడరు. కంపెనీ సైట్‌లో ఫైల్ సైజు రాసి ఉంటే మీ దగ్గరున్న ఫైల్ సైజుతో పోల్చండి. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్ ఉంటుంది, మంచి కంపెనీల సెటప్‌లకి ఇది దాదాపుగా ఉంటుంది, అందులో పేరు మీద క్లిక్ చేసి డీటెయిల్స్ నొక్కితే సిగ్నేచర్ ఓకేనా కాదా అక్కడే చెప్తుంది. ఓకే కాదంటే ఫైల్ పాడైపోయింది, లేదంటే ఎవరో అందులో చెయ్యి పెట్టారు. రెండిట్లో ఏదైనా డిలీట్ చేసి ఒరిజినల్ సైట్ నుంచి మళ్ళీ దించుకోండి. అదే ప్రాపర్టీస్‌లో జనరల్ ట్యాబ్ కింద అన్‌బ్లాక్ అని చిన్న టిక్ బాక్స్ కనపడితే, ఫైల్ నమ్మకమైనదే అయితే దాన్ని టిక్ పెట్టి అప్లై కొట్టండి.

జిప్ ఫైల్ లోపల్నుంచే సెటప్ మీద డబుల్ క్లిక్ చేసేస్తారు, ఇది మరీ ఎక్కువ. అలగ చేస్తే విండోస్ ఆ ఒక్క ఫైల్నే బయటికి తీసి నడుపుతుంది, పక్కనున్న క్యాబ్ ఫైళ్ళు, అంటే సెటప్ సరుకుండే ఫైళ్ళు, దానికి దొరకవు, అప్పుడు "ఫలానా ఫైల్ కనపడట్లేదు" అని అరుస్తుంది. జిప్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌ట్రాక్ట్ ఆల్, ఆ తర్వాత బయటికొచ్చిన ఫోల్డర్‌లోంచి సెటప్ నడపండి. పెన్‌డ్రైవ్‌లో ఉంటే ముందు సిస్టమ్‌లోకి కాపీ చేసుకోండి.

లైసెన్స్ కొనకుండా దొంగదారిన నడిపే క్రాక్ వెర్షన్ల గురించి ఒక్క మాట. యాంటీవైరస్ ఆఫ్ చేసి ఎక్కించమని దాంతోపాటే ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ ఇస్తారే, అలాంటివి బ్యాంకు పనులు, ఆధార్ పనులు చేసే సిస్టమ్‌లో పెట్టకండి. ఇది నేను ఎవర్నీ తిట్టడానికి చెప్పట్లేదు, జనాల వేలిముద్రలు తీసుకునే సిస్టమ్ అది, వాళ్ళకి మనం జవాబుదారీ.

మీ విండోస్‌కి ఆ సాఫ్ట్‌వేర్ సరిపోతుందా

విండోస్ బటన్ పట్టుకుని ఆర్ నొక్కితే రన్ బాక్స్ వస్తుంది, అందులో విన్‌వెర్ (winver) అని ఇంగ్లీషులో కొట్టండి, మీది ఏ విండోసో చెప్పేస్తుంది. 32 బిట్టా 64 బిట్టా అనేది సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో సిస్టమ్ టైప్ దగ్గర ఉంటుంది. "దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ" అని వచ్చిందంటే ఎక్కువసార్లు 32 బిట్ విండోస్‌లో 64 బిట్ సెటప్ నడుపుతున్నట్టు, లేదంటే ఫైల్ సగమే దిగినట్టు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఎక్కుతుంది గానీ మరీ పాత 16 బిట్ ప్రోగ్రాములు అస్సలు ఎక్కవు, స్కూలు ల్యాబుల్లో సీడీల మీద ఉండే కొన్ని పాతవి ఆ రకమే, వాటితో కుస్తీ పట్టి లాభం లేదు.

విండోస్ 7 ఇంకా వాడుతున్న ఆఫీసులు మన జిల్లాల్లో ఉన్నాయి. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది, 8.1కి 2023 జనవరి 10తో అయిపోయింది. క్రోమ్ కూడా 109 వెర్షనే వాటికి ఆఖరు, 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 అయినా ఉండాలి. కాబట్టి విండోస్ 7లో ఏదైనా కొత్త సెటప్ "ఎంట్రీ పాయింట్ నాట్ ఫౌండ్" అంటే రిపేరు చెయ్యడానికేం లేదు, ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ కంపెనీ వాళ్ళనే అడగాలి, లేదా సిస్టమ్ మార్చుకోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగింది గానీ చాలా సాఫ్ట్‌వేర్లు అందులో ఇంకా ఎక్కుతున్నాయి, కంగారక్కర్లేదు.

జాగా, తేదీ, రీస్టార్ట్

డీ డ్రైవ్‌లో ఎక్కిస్తున్నాం కదా సీ డ్రైవ్ నిండిపోతే ఏటి అంటారు. సెటప్ ముందు తన సరుకంతా సీ డ్రైవ్‌లో ఉన్న టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుంటుంది, ఆ తర్వాతే మీరు చెప్పిన చోట పెడుతుంది. కనీసం ఒక 10 జీబీ ఖాళీ ఉంచమంటాను నేను. రన్ బాక్స్‌లో పర్సెంట్ గుర్తు, టెంప్, మళ్ళీ పర్సెంట్ గుర్తు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది, అందులోవన్నీ డిలీట్ చెయ్యొచ్చు, వాడకంలో ఉన్నవాటికి స్కిప్ కొట్టండి. విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అని దాగి ఉండే ఫోల్డర్ ఒకటుంది, బాగా బరువుగా కనపడుతుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. జాగా కోసం దాన్ని ఖాళీ చేసేసిన సిస్టమ్‌లు చూశాను, ఆ తర్వాత పాత సాఫ్ట్‌వేర్ తియ్యబోయినా అప్‌డేట్ చెయ్యబోయినా 1612 ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే తియ్యడానికి కావాల్సిన ఒరిజినల్ ప్యాకేజీలు అందులోనే ఉంటాయి.

గడియారం చూడండి, కింద కుడిపక్క మూల. డెస్క్‌టాప్ సిస్టమ్‌లలో మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న ఊళ్ళున్నాయి, అలాంటి పెద్ద కోత తర్వాత ఈ రకం సిస్టమ్ ఆన్ చేస్తే తేదీ తప్పుగా ఉంటుంది. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, సెటప్ ఇంటర్నెట్ నుంచి దించుకోవాల్సిన భాగాలు దిగవు, డిజిటల్ సిగ్నేచర్ కూడా చెల్లదంటుంది. చూడ్డానికి ఇంటర్నెట్ ప్రాబ్లంలా ఉంటుంది. తేదీ సరిచేసి, బ్యాటరీ మార్పించండి, ఖరీదు పెద్దగా ఉండదు.

రీస్టార్ట్ అంటే రీస్టార్టే, షట్‌డౌన్ చేసి ఆన్ చెయ్యడం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా మూసుకోదు, పెండింగ్‌లో ఉన్న పని పెండింగ్‌లోనే ఉంటుంది. స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ నొక్కండి. 1618 ఎర్రర్ అంటే ఇంకో ఇన్‌స్టలేషన్ అప్పటికే నడుస్తోందని, బ్యాక్‌గ్రౌండ్‌లో విండోస్ అప్‌డేట్ కూడా అయి ఉండొచ్చు, కాసేపు ఆగి చూసి, రీస్టార్ట్ చేసి మళ్ళీ నడిపితే చాలావరకు పోతుంది. 3010 కనపడితే అది ఫెయిల్ కాదు, ఎక్కింది, రీస్టార్ట్ చెయ్యమంటోంది, అంతే.

అడ్మిన్ పర్మిషన్

సెటప్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్. ఇది అందరికీ తెలిసిందే. పేరు చివర .msi అని ఉండే ఎంఎస్‌ఐ ఫైల్ అయితే రైట్ క్లిక్‌లో ఆ ఆప్షన్ మామూలుగా ఉండదు, అక్కడే చాలామంది ఆగిపోతారు. ముందు ఆ ఫైల్ పాత్ కాపీ చేసుకోండి, షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే కాపీ యాజ్ పాత్ వస్తుంది. తర్వాత స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి కమాండ్ ప్రాంప్ట్‌ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, ఎంఎస్‌ఐఎగ్జెక్ అని కొట్టి, స్పేస్, స్లాష్ ఐ (msiexec /i), మళ్ళీ స్పేస్ ఇచ్చి పాత్ పేస్ట్ చేసి ఎంటర్. 2502, 2503 అనే ఎర్రర్లు వచ్చేది కూడా టెంప్ ఫోల్డర్ మీద పర్మిషన్ సరిగ్గా లేకే, వాటికీ ఈ దారి పనిచేస్తుంది. 1625 అంటే మాత్రం ఆ సిస్టమ్‌లో ఎక్కించకూడదని పాలసీ పెట్టారు, కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో ఉంటుంది, దాన్ని దాటే దారులు వెతక్కండి, పెట్టినవాళ్ళనే అడగండి.

విండోస్ యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్నవాళ్ళు ఉంటారు, నాకు చాలా ఇష్టం అది, కానీ కొన్ని పాత సెటప్‌లు ఆ పేరున్న ఫోల్డర్ పాత్‌ని చదవలేక పడిపోతాయి. పేరు తర్వాత మార్చినా ఫోల్డర్ పేరు మారదు. ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో అడ్మిన్ యూజర్ క్రియేట్ చేసి అందులోంచి ఎక్కించండి, మీ తెలుగు పేరు అలాగే ఉంచుకోవచ్చు.

1603, దీని దగ్గర కొంచెం నిదానంగా

1603 అంటే ఇన్‌స్టలేషన్‌లో పెద్ద తప్పు జరిగింది అని మాత్రమే, జ్వరం వచ్చింది అన్నట్టు, ఎందుకొచ్చిందో అందులో ఉండదు. ఎక్కించే ఫోల్డర్‌లో, విండోస్ తన పనులకి వాడుకునే సిస్టమ్ అనే అకౌంట్‌కి పర్మిషన్ లేకపోవచ్చు, ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండొచ్చు, పాత వెర్షన్ సగం మిగిలి ఉండొచ్చు, యాంటీవైరస్ అడ్డుపడి ఉండొచ్చు. ఊహించుకుంటూ ఒక్కొక్కటీ కెలకడం కన్నా, సెటప్ ఏమేం చేసిందో రాసి ఉండే లాగ్ ఫైల్ తీసుకోవడం మేలు.

ఇందాకటి ఎంఎస్‌ఐఎగ్జెక్ కమాండే, చివర్లో స్పేస్ ఇచ్చి స్లాష్ ఎల్ స్టార్ వీ (/l*v), మళ్ళీ స్పేస్ ఇచ్చి లాగ్ ఎక్కడ సేవ్ అవ్వాలో ఆ పాత్ ఇవ్వండి, ఎంటర్ కొట్టండి. సెటప్ ఫెయిల్ అయ్యేదాకా పోనిచ్చి, ఆ లాగ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. వేల లైన్లుంటాయి, భయపడకండి. కంట్రోల్ ఎఫ్ నొక్కి "రిటర్న్ వాల్యూ 3" (return value 3) అని ఇంగ్లీషులో వెతకండి, మొదట దొరికిన చోట ఆగి దానికి పైన ఉన్న పదీ ఇరవై లైన్లు చదవండి, అసలు కారణం దాదాపు అక్కడే ఉంటుంది. ఈఎక్స్‌ఈ సెటప్ అయితే చాలావరకు దాని లాగ్ టెంప్ ఫోల్డర్‌లోనే పడుతుంది, డేట్ ప్రకారం సార్ట్ చేస్తే పైకి వస్తుంది.

రాజాంలో ఒక బట్టల షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇలగే ఎక్కలేదు. షాపాయన "ఏటి బాబూ, ఎన్నిసార్లు నొక్కినా చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చీస్తాది" అన్నారు. లాగ్‌లో రిటర్న్ వాల్యూ 3కి కాస్త పైన డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఫైల్ రాయడానికి యాక్సెస్ డినైడ్ అని ఉంది. అడ్మిన్‌గా నడుపుతుంటే యాక్సెస్ డినైడ్ ఎలగ వస్తుంది? విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే తెలిసింది, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనేది ఆన్‌లో ఉంది, ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ రాకుండా తెలీని ప్రోగ్రాముల్ని డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ లాంటి చోట్ల రాయనివ్వదు. ఆ సెటప్‌ని అనుమతించిన యాప్‌ల లిస్టులో చేర్చాం, ఎక్కింది, రక్షణ ఆన్‌లోనే ఉంచేశాం. ఫార్మాట్ కొట్టి ఉంటే ఆయన ఆ ఏడాది స్టాక్ ఫైళ్ళు డెస్క్‌టాప్ మీదున్నవి పోయేవి.

పాత వెర్షన్ మిగిలిపోయి కొత్తది ఎక్కకపోతే, అంటే 1638 లాంటివి, ముందు సెట్టింగ్స్‌లోంచి పాతది తియ్యండి. అది తీద్దామన్నా పోకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ ఉంది, వాళ్ళ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, దాంతో తియ్యొచ్చు. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు మాత్రం వాడొద్దు.

డీఎల్‌ఎల్ మిస్సింగ్ అంటే

ఎంఎస్‌వీసీపీ140, వీసీరన్‌టైమ్140 అనే డీఎల్‌ఎల్‌లు, అంటే సాఫ్ట్‌వేర్లు నడవడానికి వాడుకునే ఫైళ్ళు, లేవని వస్తే ఆ ఒక్క ఫైల్ ఇచ్చే సైట్లు చాలా ఉంటాయి, అక్కడ్నుంచి తెచ్చి సిస్టమ్32లో పడెయ్యకండి, అందులో ఏముందో ఎవరికీ తెలీదు. కావాల్సింది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే. 64 బిట్ విండోస్ అయినా ఎక్స్86, ఎక్స్64 రెండూ ఎక్కించండి, సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది అయితే దానికి మొదటిదే కావాలి. పాత లెక్కల సాఫ్ట్‌వేర్లు డాట్‌నెట్ 3.5 అడుగుతాయి, కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ తెరిచి టిక్ పెడితే నెట్ నుంచి దానంతటదే దిగుతుంది.

ప్రింటర్లు, ఫింగర్‌ప్రింట్ డివైస్‌లు, సిగ్నేచర్ టోకెన్‌ల విషయంలో ముందు కేబుల్ తీసేసి డ్రైవర్ ఎక్కించి, సెటప్ అడిగినప్పుడే పెట్టడం మంచి అలవాటు. ఫింగర్‌ప్రింట్‌కి డ్రైవర్ వేరు, ఆధార్ పనులకి వేలిముద్ర పంపే ఆర్‌డీ సర్వీస్ వేరు, డ్రైవర్ ముందు. పాత డ్రైవర్ లోడ్ అవ్వట్లేదంటే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ దగ్గర మెమరీ ఇంటిగ్రిటీ అడ్డుపడుతోందేమో చూడండి, ముందు కొత్త డ్రైవర్ ఉందేమో వెతకండి, ఆ రక్షణ ఆఫ్ చెయ్యడం ఆఖరున.

ఇవన్నీ అయ్యాకా ఎక్కకపోతే అప్పుడు విండోస్

పాడైన విండోస్ ఫైళ్ళని సరిచేసే కమాండ్లు రెండున్నాయి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు డీఐఎస్‌ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రీస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth) కొట్టండి, నెట్ ఉండాలి. మధ్యలో ఒక పర్సెంట్ దగ్గర చాలాసేపు కదలదు, ఆగిపోయిందని మూసెయ్యకండి. అది అయ్యాక ఎస్‌ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ (sfc /scannow). అప్పుడు రీస్టార్ట్ చేసి సెటప్ నడపండి. సెటప్‌లో ఫైల్ సరిగ్గా చదవలేకపోయానని చెప్పే "సైక్లిక్ రిడండెన్సీ చెక్" లాంటి మాట కనపడినా, ఫైళ్ళు కాపీ అవుతూ సిస్టమ్ గడ్డకట్టినా ఇవేవీ చెయ్యకండి, ఫైల్ ఉన్న పెన్‌డ్రైవో సిస్టమ్ హార్డ్‌డిస్కో పోతూ ఉండొచ్చు, ముందు డేటా బయటికి కాపీ చేసుకోండి.

ఇంకా కాకపోతే కూడా ఫార్మాట్ కాదు, రిపేర్ ఇన్‌స్టాల్. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీ వెర్షన్ విండోస్ ఐఎస్ఓ, అంటే విండోస్ సెటప్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది, దించి, విండోస్ నడుస్తుండగానే దాన్ని తెరిచి సెటప్ నడపండి, ఒక చోట కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్ అని ఉంటుంది. అది సెలెక్ట్ చేస్తే విండోస్ ఒక్కటే కొత్తగా పడుతుంది, మీ ఫైళ్ళు, సాఫ్ట్‌వేర్లు అలాగే ఉంటాయి. ఆ ఆప్షన్ నొక్కనివ్వకపోతే అక్కడే క్యాన్సిల్ చేసీయండి, భాషో వెర్షనో కలవలేదని అర్థం. చెయ్యబోయే ముందు బ్యాకప్ తప్పనిసరి, యూపీఎస్ గానీ ల్యాప్‌టాప్‌కి నిండా చార్జింగ్ గానీ ఉండాలి, కరెంటు కోత ఉందన్న రోజు మొదలుపెట్టకండి.

ఇక ఎవరికైనా చూపించాల్సి వస్తే ఎర్రర్ ఫొటో, విన్‌వెర్ ఫొటో, ఆ లాగ్ ఫైల్, సెటప్ ఎక్కడ్నుంచి దించారో ఆ లింకు, ఇప్పటిదాకా ఏమేం చేశారో రెండు లైన్లు, ఇవి పట్టుకెళ్ళండి. షాపులో సిస్టమ్ ఇచ్చేటప్పుడే "అడక్కుండా ఫార్మాట్ చెయ్యొద్దు" అని జాబ్ కార్డ్ మీద రాయించి, దాని ఫొటో కూడా తీసుకోండి.